తొమ్మిది కుట్లకో పొడుగు కుట్టు

ఓలీటా ప్రూయిట్ ఎవరినీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. కోడిగుడ్ల అట్టపెట్టె కొనేముందు పన్నెండు గుడ్లనూ ఒక్కొక్కటిగా పైకెత్తి చూసేది. చర్చిలో చందా పళ్లెం తిప్పినవాళ్లు వెనక గదిలోకి వెళ్లి ఎంతసేపటికి తిరిగొచ్చారో గమనించేది. భర్త హోయిట్ బతికున్న రోజుల్లో, "పెళ్లికి ముందు ఈవిడ నా పళ్లు కూడా లెక్కపెట్టుకుందిరా" అని స్నేహితుల దగ్గర నవ్వేవాడు.

ఆ గుణం ఊరికే రాలేదు. ఆమె తండ్రికి చదువు రాదు. ఓలీటాకి ఎనిమిదేళ్లప్పుడు ఒక పెద్దమనిషి కారులో వచ్చి, రోడ్డు వెడల్పు చేయడానికి ఒప్పుకోలు అని చెప్పి, ఆయన చేత కాగితం మీద గుర్తు పెట్టించుకుపోయాడు. ఆర్నెల్లకి రంపాలతో మనుషులొచ్చి ఇంటి వెనక కొండ మీది ఓక్ చెట్లన్నీ నరుక్కుపోయారు. ఆ కాగితం రోడ్డుది కాదు, చెట్లది. తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ నిలబడటం ఓలీటా మరిచిపోలేదు.

అలబామా కొండల్లోని టక్కర్స్ కోవ్‌లో మేజోళ్ల మిల్లు తప్ప చెప్పుకోదగ్గ పని మరొకటి లేదు. అల్లిక మిషన్ల నుంచి మేజోడు గొట్టంలా, వేళ్ల దగ్గర తెరుచుకుని వస్తుంది. ఆ తెరిచిన కొసను కుట్టి మూయడం ఓలీటా పని. ఇరవై తొమ్మిదేళ్లు అదే చేసింది. అందులో చివరి పదహారేళ్లు ముప్పై ఒకటో నంబరు మిషను మీద. ఆ మిషనుకి ఒక జబ్బుంది. తొమ్మిది కుట్లకోసారి ఒక కుట్టు వెంట్రుకవాసి పొడుగ్గా పడేది. కొనేవాడికి కనపడదు, తొడుక్కునేవాడికి తగలదు. మిషన్లు బాగుచేసే వెండెల్ గేథర్ దాన్ని మూడుసార్లు విప్పి బిగించి, "దీని బుద్ధే ఇంత ఓలీటా. మీ ఇద్దరికీ జోడీ బాగా కుదిరింది" అని వదిలేశాడు. నడిచేటప్పుడు అది కొంచెం ఊగేది. ఓలీటా ఒక అట్టముక్క మడిచి దాని ముందుకాలి కింద పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలకి ఆమె, పక్క మిషను మెర్లీన్ టిడ్‌వెల్, వెండెల్ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఒకరి డబ్బాలోని బెండకాయ వేపుడు మరొకరు అడక్కుండానే తీసుకునేంత చనువు వాళ్లది.

రెండువేల అయిదు వసంతంలో మిల్లులో మిషన్లు ఒక్కొక్కటే కనపడకుండా పోవడం మొదలైంది. అడిగితే రిపేరుకని చెప్పారు. ముప్పై ఒకటీ అలాగే పోతే, ఓలీటాని ఇంకో మిషను మీద కూర్చోబెట్టారు. అదే సమయంలో వెండెల్ ఆరు వారాలు సెలవు పెట్టాడు. టెక్సాస్‌లో అక్క ఇంటికి వెళ్తున్నానన్నాడు. ఎండకి మెడ నల్లగా కమిలిపోయి తిరిగొచ్చాడు.

"మీ అక్కకి పిల్లలెంతమంది?" అని భోజనాల దగ్గర అడిగింది ఓలీటా.

"ఇద్దరు."

రెండు రోజులాగి మళ్లీ అదే అడిగింది. ముగ్గురన్నాడు. ఆమె మొక్కజొన్న రొట్టె విరుచుకుని తిన్నది. ఆ మర్నాటి నుంచి వెండెల్ భోజనం తన పనిగదిలోనే చేయసాగాడు.

జూన్‌లో మేనేజరు స్టాన్‌ఫీల్డ్ అందర్నీ మిల్లు ముందు నిలబెట్టి, మూసేస్తున్నామని చెప్పాడు. "ఆర్డర్లు పడిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. పాత మిషన్లు తుక్కుకి అమ్మేశాం" అన్నాడు. నూటనలభై మంది ఇళ్లకి వెళ్లిపోయారు. గోదాము నడపడానికి పన్నెండు మందిని ఉంచుకున్నారు. అందులో వెండెల్ ఒకడు.

రెండు వారాల తర్వాత కౌంటీ ఉద్యోగాల ఆఫీసు నుంచి కెండ్రా బోలిన్ అనే అమ్మాయి వచ్చి బాప్టిస్టు చర్చి హాల్లో మాట్లాడింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ఫారాల కట్ట.

"మీరు చేసే పని విదేశానికి తరలిపోయి ఉద్యోగాలు పోతే, దానికోసమే ఒక చట్టం ఉంది. కొత్త పని నేర్చుకుంటే ఫీజు ప్రభుత్వం కడుతుంది. నేర్చుకున్నన్నాళ్లూ వారం వారం భృతి ఇస్తుంది. కంపెనీ దరఖాస్తు పెట్టనంటే మీలో ముగ్గురు సంతకాలు చేసి పెట్టుకోవచ్చు."

ఓలీటా చెయ్యెత్తింది. "అమ్మాయ్, సరుకు బయటి దేశంలో కుట్టించుకు రావచ్చని ఒప్పందం రాసింది ఎవరు?"

"ప్రభుత్వమేనండి."

"ఇప్పుడు మాకు చదువు చెప్పిస్తానంటోంది ఎవరు?"

"అదీ ప్రభుత్వమే."

"ఒక చేత్తో చెంప వాయించి, ఇంకో చేత్తో వెన్న రాస్తారన్నమాట. ఆ వెన్నలో ఏం కలిపారో ముందు చెప్పు."

హాలంతా నవ్వింది. కెండ్రా నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నాకు తెలిసినంతలో ఏమీ కలపలేదు మిస్ ఓలీటా. కాకపోతే నిలవ ఉండే వెన్న కాదు. ఏడాదిలోపే అడగాలి" అంది.

మెర్లీన్ అక్కడికక్కడే సంతకం చేసింది. ప్యాకింగులో పనిచేసిన ఒకతను చేశాడు. మూడో సంతకానికి ఎవరూ ముందుకు రాలేదు. కంపెనీకి తెలిస్తే రేపు గోదాములో కూడా పని దొరకదని అందరికీ భయం. ఓలీటా ఫారం చదివి చెప్తానని ఇంటికి పట్టుకుపోయింది. నాలుగు రోజులు చూసి మెర్లీన్ వచ్చింది.

"ఏమే, చదవడం అయిందా?"

"రెండో పేజీలో ఉన్నా."

"నాలుగు రోజుల నుంచీ రెండో పేజీయేనా?"

"కింద ఏవో చిన్న అక్షరాలున్నాయి."

మెర్లీన్ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఒసే పిచ్చిదానా, అది అచ్చేసిన ప్రెస్సు పేరే."

ఓలీటా తొణకలేదు. ఫారం మొత్తాన్ని, ప్రశ్నలతో సహా, తన చేత్తో నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. సంతకం పెట్టేసరికి ఇంకో మూడు రోజులు పట్టింది. తీరా పెట్టాక ఆ రాత్రంతా తండ్రిని తలుచుకుని నిద్రపోలేదని తర్వాత చెప్పుకుంది.

సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి జవాబొచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. ఉత్పత్తిని విదేశాలకు తరలించలేదని కంపెనీ తెలియజేసినందువల్ల, అని కారణం రాశారు. ఓలీటా ఆ ఉత్తరం పట్టుకుని ముప్పై మైళ్లు కారు నడుపుకుంటూ కెండ్రా ఆఫీసుకి వెళ్లింది.

"వాళ్లు అడిగింది ఎవర్ని? కంపెనీనా? దొంగనే అడిగి, దొంగతనం జరగలేదట అని రాసుకున్నారా?"

"ముందు కంపెనీనే అడుగుతారండి. అది పద్ధతి. మళ్లీ చూడమని అడగడానికి ముప్పై రోజులు టైముంది. కానీ కొత్త రుజువు కావాలి."

"నువ్వు వాళ్ల మనిషివి కాదని నాకేంటి రుజువు?"

కెండ్రా ఫారాలు పక్కకి జరిపింది. "ఏమీ లేదు. మా అమ్మ కూడా మీలాగే అడుగుతుంది. ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో చేసేది. ఎనభై తొమ్మిదిలో మూసేశారు. ఈ ఫారం సంగతి ఆవిడకి చెప్పినవాళ్లు లేరు."

ఓలీటా అదీ పూర్తిగా నమ్మలేదు. చొక్కాల ఫ్యాక్టరీ ఏ ఊళ్లోదో అడిగి, ఇంటికొచ్చి, ఆ ఊళ్లో ఉన్న మేనత్త కూతురికి ఫోన్ చేసి కనుక్కుంది. నిజమే.

ఇక ఆమె అనుమానం వెండెల్ మీదకి మళ్లింది. మెర్లీన్ గోదాములో పని అడగడానికి వెళ్తే, సంతకం చేసినావిడవి నువ్వే కదా అని స్టాన్‌ఫీల్డ్ మొహం మీదే అన్నాడట. ఆ పేర్లు ఆయనకెలా తెలిశాయి? హార్డ్‌వేరు కొట్లో మేకులు తూయించుకుంటున్న వెండెల్ కనపడగానే ఓలీటా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"టెక్సాస్‌లో మీ అక్క పిల్లలెలా ఉన్నారయ్యా?"

వెండెల్ తలదించుకున్నాడు. "నేను చెప్పగలిగింది ఏమీ లేదు ఓలీటా."

"చెప్పలేవా, చెప్పవా? పన్నెండు మందిలో నీకు చోటు ఊరికే రాలేదు. మా పేర్లు మోసినందుకు ఇచ్చారు. నిన్ను ఎంతకి కొన్నారో అది ఒక్కటి చెప్పు, చాలు."

కొట్లో ఉన్నవాళ్లంతా ఇటు చూశారు. వెండెల్ మేకుల పొట్లం అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఓలీటా పక్క ఊరి చవక సరుకుల దుకాణానికి వెళ్లింది. మిల్లు పేరుతో వచ్చే మేజోళ్లు ఎప్పటిలాగే అక్కడ వేలాడుతున్నాయి. ప్యాకెట్టు వెనక హోండురాస్‌లో తయారైనట్టు అచ్చేసి ఉంది. కానీ ఆ కంపెనీ ఎవరిచేతో అక్కడ కుట్టించి తెప్పించుకోవచ్చు, తమ పనే అటు వెళ్లిందనడానికి ఇది చాలదు. ఆమె ప్యాకెట్టు విప్పి, మేజోడు తిరగేసి, కొస కుట్టు మీద బొటనవేలి గోరు నడిపింది. ఏమీ తగల్లేదు. ఇంకోటి విప్పింది. దుకాణం పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, కొనకుండా విప్పకూడదండి."

"కొంటానమ్మా. అన్నీ కొంటాను."

మూడో ప్యాకెట్టులో దొరికింది. గోరు తొమ్మిదో కుట్టు దగ్గర చిన్నగా తడబడింది. మళ్లీ తొమ్మిది, మళ్లీ తడబాటు. ఓలీటా మేజోళ్ల వరస మధ్యలో ఆ మేజోడు పట్టుకుని నిలబడిపోయింది. తుక్కుకి అమ్మేశామన్న ముప్పై ఒకటో నంబరు తుక్కు కాలేదు. ఎక్కడో నడుస్తోంది.

ఇంట్లో ఉన్న పాత జత ఒకటి, ఈ కొత్తది ఒకటి తీసుకెళ్లి కెండ్రా బల్ల మీద పక్కపక్కనే పరిచింది. కెండ్రా గోరుతో తడిమి చూసి తలెత్తింది.

"మీరు చెప్పేది నేను నమ్ముతున్నా. వాషింగ్టన్‌లో కూర్చున్నాయన మేజోడు తిరగేసి కుట్లు లెక్కపెడతాడా అన్నదే నా అనుమానం. మిషన్లు వెళ్లడం చూసిన మనిషి గానీ, వెళ్లినట్టు కాగితం గానీ కావాలి."

ఈ అమ్మాయికి కూడా అనుమానించడం తెలుసని ఓలీటాకి ఆ రోజు మొదటిసారి అనిపించింది.

గడువు ఇంకా ఎనిమిది రోజులుందనగా ఓలీటా ఇంటి ముందు ఉత్తరాల డబ్బాలో ఒక కవరు కనపడింది. స్టాంపు లేదు, పేరు లేదు. లోపల రెండు పేజీల నకలు. మిషన్ల నంబర్ల జాబితా, ఓడ ఎక్కిన తేదీ, హోండురాస్ రేవు పేరు, కింద సరుకు అందుకున్నట్టు సంతకం. డబ్ల్యూ. గేథర్. జాబితాలో పద్దెనిమిదో వరసలో ముప్పై ఒకటి ఉంది.

చూడగానే ఆమె ఇంట్లోకెళ్లి తలుపు గడియ పెట్టింది. ఇది కంపెనీ పన్నిన వల అయితే? దొంగిలించిన కాగితం పంపిందని రేపు పోలీసుల్ని ఇంటికి పంపిస్తే? ఆమె కవరు పిండి డబ్బాలో దాచింది. డబ్బా తెరవాల్సొస్తుందని నాలుగు రోజులు బిస్కెట్ రొట్టెలు కూడా కాల్చుకోలేదు. మెర్లీన్‌తో చెప్పలేదు, కెండ్రాతో చెప్పలేదు. అయిదో రోజు కవరు సంచిలో పెట్టుకుని వెండెల్ ఇంటికి వెళ్లింది.

వెండెల్, అతని భార్య నెల్డా వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు. నెల్డా కూర్చోమనలేదు. చల్లని టీ తెచ్చివ్వలేదు. ఆ కొండల్లో మనిషిని వాకిట్లో నిలబెట్టి టీ ఇవ్వకపోవడం కంటే పెద్ద మాట లేదు.

"ఇది పెట్టింది నువ్వేనా?" అంది ఓలీటా.

"ఆయనే. నేను వద్దన్నా" అంది నెల్డా తలెత్తకుండా.

"నీకేంటి లాభం వెండెల్?"

"నీకు అదొక్కటే తోస్తుందా?" వెండెల్ చిక్కుడుకాయ పక్కన పెట్టాడు. "నువ్వు కొట్లో అన్నదాంట్లో సగం నిజం. నేను వెళ్లాను. ఎవరికీ చెప్పనని రాసిచ్చాను. ఆరు వారాలు అక్కడ మిషన్లు బిగించి, వాళ్లకి నేర్పించి వచ్చాను. ముప్పై ఒకటి మీద నడివయసు ఆవిడ ఒకరు కూర్చున్నారు. మొదటి రోజే మిషను ఊగుతోందని అట్టముక్క మడిచి కాలి కింద పెట్టింది. నేను చెప్పలేదు, తనంతట తనే పెట్టింది. అది చూశాక నేనిక్కడికొచ్చి మీతో కలిసి తినలేకపోయాను."

"మిగతా సగం?"

"పేర్లు నేను మోయలేదు. దరఖాస్తు ఎవరడిగినా చూపిస్తారు. ఆ సంగతి ఫారంలోనే రాసి ఉంది."

ఆ వాక్యం ఓలీటాకి తెలుసు. నోటుపుస్తకంలోకి తన చేత్తోనే ఎక్కించింది. ప్రెస్సు పేరు మీద నాలుగు రోజులు కూర్చుని, ఆ వాక్యాన్ని మాత్రం అలా దాటిపోయింది.

"నీ సంతకం కొట్టేసి పంపమంటావా?" అని చివరికి అడిగింది.

"కొట్టేస్తే అది దేనికి పనికొస్తుంది? అలాగే పంపించు."

క్షమించమని అడగాలని ఆమెకి తెలుసు. నోరు రాలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే కెండ్రా ఆ రెండు పేజీలతో పాటు ఓలీటా రాసిన ఉత్తరాన్ని, ఆమె పట్టుబట్టడంతో ఆ రెండు మేజోళ్లను కూడా వాషింగ్టన్‌కి పంపింది.

నవంబరు చివర్లో తీర్పు మారింది. మిల్లులో పని పోయిన నూటనలభై మందికీ, ఇకముందు పోయేవాళ్లకీ సహాయం వర్తిస్తుందని రాశారు. మెర్లీన్ ఆ ఉత్తరాన్ని చర్చిలో గట్టిగా చదివింది. జనం చప్పట్లు కొడుతుంటే ఓలీటా గడువు తేదీలు ఎక్కడున్నాయా అని రెండో పేజీ వెతుక్కుంటోంది. వెండెల్ చర్చికి రాలేదు. పదిహేను రోజుల్లో గోదాములో నీకిక పని లేదని అతనికి చెప్పేశారు. సహాయం అతనికీ వర్తించేదే. కానీ అతను బడికి వెళ్లనన్నాడు. కలప అడితీలో బండి తోలే పనిలో చేరాడు.

కాలేజీలో సలహాలిచ్చే ఆయన ఆడవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు. ఆస్పత్రి ఆఫీసు పని నేర్చుకోండి, ఆ రంగం పెరుగుతోంది. మెర్లీన్ చేరింది. ఓలీటా ఇంటికెళ్లి చుట్టుపక్కల ఉన్న ఆస్పత్రికీ, నాలుగు క్లినిక్కులకీ ఫోన్లు చేసి, కిందటేడు ఆ పనికి ఎంతమందిని తీసుకున్నారని అడిగింది. అన్నీ కలిపి ఇద్దరు. కాలేజీలో చేరినవాళ్లు నలభైనాలుగు మంది. ఆ లెక్క మెర్లీన్‌తో చెప్తే ఆమెకి కోపమొచ్చింది.

"నీకు దేవుడిచ్చిన ఎండ మీద కూడా అనుమానమేనే. ఒక్కసారైనా మంచి జరగబోతోందనుకోవే."

తనకేం చేయాలో మాత్రం ఓలీటాకి తోచలేదు. అది అనుకోకుండా దొరికింది. మీటరు తప్పు చూపిస్తోందని ఊరి నీళ్ల శుద్ధి కేంద్రానికి పోట్లాటకి వెళ్లింది. అక్కడి పెద్దాయన ఫ్లెచర్ ఆమె మాట అంతా విని, మీటరు మార్పిస్తానని చెప్పి, "నీలాంటిది ఇక్కడ ఒకతి ఉంటే బాగుండు. ముగ్గురం ఉన్నాం, ముగ్గురం అరవై దాటినవాళ్లమే. లైసెన్సు ఉన్నవాడు ఇంకొకడు దొరకడం లేదు" అన్నాడు. ఆమె వెంటనే నమ్మలేదు. పక్క రెండు ఊళ్ల కేంద్రాలకి వెళ్లి విచారించి, అక్కడా అదే మాట విన్నాక కెండ్రా దగ్గరికి వెళ్లింది. ఆ లైసెన్సుకి కావాల్సిన చదువు కాలేజీ జాబితాలో లేదు. అనుమతి తెప్పించడానికి ఇద్దరూ ఆరు వారాలు తిరిగారు.

యాభై అయిదేళ్ల వయసులో ఓలీటా క్లాసులో కూర్చుంది. దశాంశాలు ఆమెను ఏడిపించాయి. రెండుసార్లు మానేద్దామనుకుంది. అయితే మొదటి రోజే మేష్టారు బల్ల మీద గాజుగ్లాసు పెట్టి, "ఈ నీళ్లు తేటగా ఉన్నాయి కదా. తేటగా ఉన్నాయని ఎప్పుడూ నమ్మకండి" అన్నాడు. సరైన చోటికే వచ్చానని ఆమెకి అప్పుడే అనిపించిందట. లైసెన్సు పరీక్ష రెండోసారికి నెగ్గింది. ఫ్లెచర్ దిగిపోయినప్పుడు ఆ కుర్చీ ఆమెకి వచ్చింది. మెర్లీన్‌కి ఆస్పత్రి పని దొరకలేదు. సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుని, కోళ్ల ఫ్యాక్టరీలో రెక్కలు కోసే వరసలో చేరింది. ఏడాది పాటు ఓలీటాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆదివారాలు మళ్లీ కలిసి భోజనం చేయడం మొదలుపెట్టారు, ఆ విషయం ఎత్తకుండా.

నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం వెండెల్ నీళ్ల కేంద్రానికి వచ్చాడు. ఇన్నాళ్లూ పోస్టాఫీసులో ఎదురుపడితే తలలూపుకోవడమే తప్ప ఇద్దరి మధ్య మాటల్లేవు. చేతిలో మూతపెట్టిన గాజుసీసా ఉంది.

"మా బావి నీళ్లు. నెల నుంచీ నెల్డాకి కడుపులో బాగుండటం లేదు. డాక్టరు మందులిస్తున్నాడు, తగ్గడం లేదు."

"ఆ సీసాలోది పరీక్షకి పనికిరాదు. శుభ్రమైన సీసాతో నేనే వచ్చి పట్టుకుంటా" అంది ఓలీటా.

వెళ్లి పట్టుకొచ్చి పరీక్ష చేస్తే నీళ్లలో మురికి క్రిములు తేలాయి. శనివారం తన కారులో బ్లీచింగ్ మందు సీసాలు వేసుకుని వాళ్ల ఇంటికి వెళ్లింది. ఇద్దరూ కలిసి బావి మూత తీశారు. పక్కగోడ ఒకచోట పగిలి, వానకి పశువుల దొడ్డి నీళ్లు లోపలికి దిగుతున్నాయి. వెండెల్ సిమెంటు కలిపి పగులు పూడ్చాడు. అది గట్టిపడేదాకా ఆగి ఆమె కొలిచి మందు పోసింది.

"ఆ రోజు కొట్లో..." అని మొదలుపెట్టింది ఓలీటా, బావిలోకే చూస్తూ. "అనకూడని మాటన్నాను. వరండాలోనే చెప్పాల్సింది. నాకు చేతకాలేదు."

వెండెల్ తాపీ కడుక్కుంటున్నాడు. "ఆ మాట నాకు చాలా రోజులు మంట పెట్టింది" అన్నాడు. "ఇప్పుడు లేదని చెప్పను. తగ్గింది."

నెల్డా తలుపు తీసుకుని బయటికొచ్చింది. సన్నబడిపోయింది. చేతిలో మూడు గ్లాసులున్నాయి. "కొట్లో కొన్న నీళ్లతోనే కాచాను. తాగు" అని ఒకటి ఓలీటా ముందు పెట్టింది.

ఓలీటా ఆ టీ నిలబడే తాగింది. పంపులన్నీ తిప్పి, మందు వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి కట్టేయమంది. తను మళ్లీ వచ్చి పరీక్ష చేసి చెప్పేదాకా ఆ నీళ్లతో పళ్లు కూడా తోముకోవద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పి, సీసాలు కారులో సర్దుకుని బయల్దేరింది.